కుందేలు గూటి దగ్గర పురుగులు: మందు కొట్టే ముందు చూడవలసినవి

 

ఈ మధ్య మన బడి పిల్లల ఇళ్లల్లో తెల్ల కుందేళ్లు బాగా కనిపిస్తున్నాయి. ఎవరో తెలిసినవాళ్ల ఫారం నుంచి ఒక జత తెస్తారు, వరండాలో జాలీ గూడు పెడతారు, ఆరు నెలల్లో జత కాస్తా పది అవుతాయి. వానలు మొదలవగానే నన్ను అడిగే ప్రశ్న కూడా ఒకటే. "సార్, కుందేలు వచ్చినప్పటి నుంచి ఇంట్లో పురుగులు ఎక్కువైనాయి, ఏం మందు కొట్టాలి?"

ఏ పురుగు అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఏదో పురుగు సార్, చిన్నగా ఉంటుంది" అంటారు. మనది పత్తి, వరి పండే ఊరు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారే ప్రతి పల్లెలో, ప్రతి క్యాంపులో ఇంటి మూల ఒక స్ప్రేయరు, దాని పక్కన రెండు మూడు మందు డబ్బాలు ఉంటాయి. పురుగు కనపడగానే చెయ్యి అటే పోతుంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చూసినంతలో గూటి దగ్గర కనపడే పురుగుల్లో ఎక్కువ వాటితో కుందేలుకు ప్రమాదం లేదు. వాటికోసం మనం కొట్టే మందుతోనే ప్రమాదం.

ఎందుకో చెబుతాను. కుందేలు పిల్లిలాగా రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. బొచ్చు మీద ఏం పడ్డా గంటలో కడుపులోకి పోతుంది. రెండోది, కుందేలు వాంతి చేసుకోలేదు. కుక్క గడ్డి తిని కక్కేస్తుంది కదా, కుందేలుకు ఆ వీలు లేదు. లోపలికి పోయిన విషం లోపలే ఉంటుంది. మూడోది, అది నేలకు అంటుకుని బతికే ప్రాణి. దొరికిందల్లా కొరుకుతుంది. గోడ మూలన చీమలకు గీసిన సుద్ద గీతను కూడా నాకుతుంది. ఆ సుద్దలో ఉండేది పైరిథ్రాయిడ్ జాతి పురుగుమందే.

ఇంకో మాట ముఖ్యంగా రైతు కుటుంబాలవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. వరిలో కాండం తొలిచే పురుగుకు ఫిప్రోనిల్ గుళికలు చల్లుతాం. కుక్కలకు గోమార్లు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందుల్లో చాలావాటిలో ఉండేది కూడా ఆ ఫిప్రోనిలే. కుక్కకు పనిచేసింది కదా అని అదే చుక్క కుందేలు మెడ మీద వేస్తే మూర్ఛ వచ్చి చచ్చిపోవచ్చు. కుందేలుకు ఫిప్రోనిల్ వాడకూడదని ఆ మందు తయారు చేసేవాళ్లే చెబుతారు. మెడికల్ షాపులో అడిగితే "పెంపుడు జంతువుల మందే కదా" అని ఇచ్చేయొచ్చు. మీరు మాత్రం తీసుకోకండి.

కుందేలు సంగతి పక్కన పెట్టినా, ఆ గూడు శుభ్రం చేసేది, దాన్ని ఎత్తుకుని ముద్దు చేసేది మన పిల్లలే. 2013 జులై 16న బీహార్ రాష్ట్రం సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. పొలంలో కొట్టే మందు ఒకసారి వంటింటి వైపు, పిల్లల వైపు వచ్చిందంటే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. కాబట్టి ఖాళీ అయిన మందు డబ్బాను కోసి కుందేలుకు నీళ్ల తొట్టి చేయడం, మందు కలిపిన మగ్గుతో గూడు కడగడం, ఇవి మన ఇళ్లల్లో ఉంటే ఈ రోజే మానేయాలి. ఎంత కడిగినా ప్లాస్టిక్ డబ్బాలోంచి మందు పూర్తిగా పోదు.

ఇక అసలు పనికి వద్దాం. ముందు ఏ పురుగో తెలుసుకోవాలి. దీనికి మందు అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం, సన్న పళ్ల దువ్వెన, ఒక భూతద్దం చాలు. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాను జూమ్ చేసి ఫోటో తీయండి.

పిల్లలూ, కాళ్లు లెక్కపెట్టడం మీకు పాఠంలో చెప్పిందే. ఆరు కాళ్లుంటే కీటకం. ఈగ, చీమ, బొద్దింక, పేను అన్నీ ఆరు కాళ్లవే. ఎనిమిది కాళ్లుంటే సాలీడు జాతి. గోమారు, గజ్జి పురుగు ఆ జాతివి. గోమారునే కొన్ని ఇళ్లల్లో పిడుదు అంటారు, కన్నడలో ఉణ్ణె. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన గోమారు పిల్లకు మాత్రం ఆరే కాళ్లుంటాయి, దాంతో మోసపోవద్దు. కాళ్లతో పాటు ఆ పురుగు ఎక్కడ కనిపించిందో కూడా రాసుకోండి. కుందేలు ఒంటి మీదా, దాణాలోనా, పెంటలోనా, లైటు చుట్టూనా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

లైటు చుట్టూ అయితే భయపడే పనే లేదు. వరి ఈనిన తర్వాత, దసరా దీపావళి రోజుల్లో, మన ఊళ్లో లైటు వేస్తే చాలు చిన్న పచ్చ పురుగులు గుంపులు గుంపులుగా వస్తాయి. అన్నం తినేటప్పుడు కంచంలో పడేవి ఇవే. ఇవి వరి రసం పీల్చే పచ్చ దోమలు, కుందేలు జోలికి రావు. సాయంత్రం గూటి పక్కన లైటు ఆర్పేస్తే అయిపోతుంది. వీటికోసం గూటి చుట్టూ మందు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు!

దాణాలో, గడ్డిలో కనపడేవి వేరు. బియ్యంలో వచ్చే ముక్క పురుగే జొన్నల్లో, కుందేలు దాణా గుళికల్లో కూడా పడుతుంది. గడ్డిలో ఇసుక రేణువంత తెల్ల పురుగులు పాకుతుంటే గడ్డికి చెమ్మ తగిలి బూజు మొదలైందని అర్థం. ఈ పురుగులు కుందేలును కుట్టవు, కానీ ఆ బూజు దాని కడుపు పాడుచేస్తుంది. ముక్క పురుగు పట్టిన దాణాను పలచగా పరిచి మన రాయచూరు ఎండలో ఒక పూట ఉంచి జల్లించండి. బూజు వాసన వచ్చిన గడ్డిని, దాణాను మాత్రం ఎండబెట్టి వాడొద్దు, పారేయండి. ఒకేసారి మూట కొనకుండా రెండు మూడు వారాలకు సరిపడా తెచ్చుకుని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోవడం మేలు. బొద్దింకలు, ఎలుకలు కూడా అప్పుడు తగ్గుతాయి. బొద్దింక రాత్రి పూట మిగిలిన దాణాకు, కారే నీళ్లకు వస్తుంది. రాత్రి తొట్టి కింద రాలినవి ఊడ్చేసి, నీళ్లు కారకుండా చూసుకుంటే సగం సమస్య తీరుతుంది. జెల్ మందు, బోరిక్ పొడి ఉండలు పెట్టాలనుకుంటే కుందేలు గాని, చిన్న పిల్లలు గాని చేరలేని చోట, ఫ్రిజ్ వెనకాల, అల్మారా పై అరలో పెట్టండి.

ఇప్పుడు ఈగ సంగతి. దీన్ని మనం లెక్కలోకే తీసుకోం. కానీ కుందేలును ఒక్క రోజులో చంపగల పురుగు ఏదైనా ఉందంటే అది ఈగే. ఈ ముక్క తెలియక చాలామంది గోమార్ల గురించి, చీమల గురించి భయపడుతూ ఉంటారు.

మామూలు ఇంటి ఈగ ఒక్కోసారి సుమారు 100 గుడ్లు పెడుతుంది. తడి పెంట, మూత్రం నానిన గడ్డి దానికి కావలసిన చోటు. గుడ్డు ఒక్క రోజులో పగులుతుంది, వేడి వాతావరణంలో వారం పది రోజుల్లో కొత్త ఈగ రెక్కలతో లేస్తుంది. ఈ లెక్క అర్థమైతే మందు ఎందుకు అక్కర్లేదో కూడా అర్థమవుతుంది. గూటి కింది పెంటను వారానికి కనీసం రెండుసార్లు పూర్తిగా తీసేస్తే ఒక్క గుడ్డు కూడా ఈగ అయ్యేదాకా అక్కడ ఉండదు. రోజూ తీస్తే ఇంకా మంచిది. ఎదిగిన కుందేలు రోజుకు 200 పైనే పెంటికలు వేస్తుంది. అవి పొడిగా ఉంటే ఈగలు పెద్దగా వాలవు. మూత్రంతో కలిసి తడిస్తేనే చేరతాయి. అందుకని గూటి కింద ఏటవాలుగా ఒక రేకు పెట్టి మూత్రం ఒక డబ్బాలోకి పోయేట్టు చేయండి. తీసిన పెంట పారేయకండి, పెరట్లో గుంటలో వేసి మట్టి కప్పితే మంచి ఎరువు.

ఇంటి ఈగ కన్నా ప్రమాదమైంది పచ్చగా, నీలంగా మెరిసే పెద్ద ఈగ. మాంసం కొట్టు దగ్గర చూసి ఉంటారు. ఇది కుందేలు వెనక భాగంలో తడిసి మురికిపట్టిన బొచ్చులో గుడ్లు పెడుతుంది. గుడ్లు తెల్లగా, సన్న బియ్యపు నూకలాగా గుత్తిగా ఉంటాయి. ఒక్క రోజులోపే పగిలి పురుగులు చర్మంలోకి దిగుతాయి. కుందేలు అరవదు, ఏడవదు. ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది, తినడం మానేస్తుంది. "ఎండకు డల్లుగా ఉంది" అనుకుంటాం. తెల్లారి చూస్తే చచ్చి ఉంటుంది.

వెనక భాగం ఎందుకు మురికవుతుంది? ఇక్కడ మన ప్రేమే కారణం. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. ఒకటి గట్టి పెంటికలు. రెండోది మెత్తగా, చిన్న ద్రాక్ష గుత్తిలా ఉంటుంది. దీన్ని అది నోటితో నేరుగా తీసుకుని మళ్లీ తింటుంది, ఆ పోషకాలు దానికి అవసరం. పిల్లలు చూసి అసహ్యించుకోకండి, అది దాని ఆరోగ్యం. చపాతీ, బిస్కట్, అన్నం, అరటిపండు ఎక్కువ పెడితే కడుపు చెడి ఈ మెత్తటిది తినకుండా వదిలేస్తుంది, అది బొచ్చుకు అంటుకుంటుంది. బాగా లావెక్కిన కుందేలుకు వంగి అక్కడిదాకా నోరే అందదు. ఈగకు అదే పిలుపు. కాబట్టి ఈగల నివారణ మొదలయ్యేది తిండి దగ్గర. ముక్కాలు మువ్వీసం గడ్డే ఉండాలి. కాలువ గట్టున కోసిన గడ్డి అయితే ఆ పక్క పొలంలో ఈ వారం మందు కొట్టారేమో అడిగి కోయండి.

వానాకాలంలో, ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు కుందేలును జాగ్రత్తగా ఎత్తి వెనక భాగం చూడాలి. ఈ పని పిల్లలకే అప్పగించండి, పెద్దలకన్నా వాళ్లే బాగా చేస్తారు. మురికి ఉంటే గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో అంతవరకే తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మొత్తం స్నానం చేయించొద్దు. తడిసిన కుందేలు భయంతో, చలితో కుప్పకూలిపోతుంది. పురుగులే కనిపిస్తే చిమటాతో కనిపించినన్ని తీసేసి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి, రేపు చూద్దాంలే అనకూడదు. ఇంకోటి, మనవాళ్లకు ఒక పాత అలవాటుంది. ఎద్దు పుండులో పురుగు పడితే టర్పెంటైన్ పోస్తారు, ఫినాయిల్ పోస్తారు, కలరా ఉండల పొడి కూరుతారు. కుందేలు చర్మం కాగితమంత పలచన. పైగా వెంటనే నాకేస్తుంది. వీటిలో ఏదీ దానికి తగలనీయకండి.

మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు గూటి మీద తడి గోనెసంచి కప్పుతాం. అది తప్పదు, వేడికి కుందేళ్లు తట్టుకోలేవు. అయితే ఆ సంచి గూటి పక్కన కొంచెం ఎడంగా వేలాడదీయండి, నీళ్లు గూట్లోకి కారకూడదు. సాయంత్రానికి తీసి ఆరేయండి. గూటి చుట్టూ పాత దోమతెర కడితే ఈగా రాదు, దోమా రాదు. తెర అంచు మాత్రం కుందేలు పళ్లకు అందకుండా కట్టాలి. దోమల చుట్ట పొగ కన్నా ఇది వంద రెట్లు మేలు. కుందేలు నోటితో కాదు, ముక్కుతోనే ఊపిరి పీల్చే ప్రాణి, మూసిన గదిలో పొగ దానికి పడదు.

ఒంటి మీది పురుగులకు వస్తే, మొదట దువ్వెన పరీక్ష. బొచ్చు దువ్వి రాలింది నల్ల కాగితం మీద వేయండి. చుండ్రులాంటి తెల్ల పొట్టు కదులుతూ ఉంటే అది బొచ్చు మైటు. అదే పొడిని తడిపిన తెల్ల కాగితం మీద వేసినప్పుడు నల్ల రేణువుల చుట్టూ ఎర్రటి మరక వస్తే, దూకే పురుగులు పీల్చిన రక్తపు పెంట అది. కన్నడలో చిగట అంటారు. సాధారణంగా ఇంటి కుక్క నుంచో, వీధి పిల్లి నుంచో వస్తాయి. ముందు ఆ కుక్క సంగతి డాక్టరుకు చూపించాలి.

చెవి లోపల గోధుమరంగు చెక్కు పొరలు పొరలుగా కట్టి, కుందేలు మాటిమాటికి తల విదిలిస్తుంటే చెవి మైటు. ముక్కు మీద, పెదాల దగ్గర, కాలి గోళ్ల చుట్టూ తెల్ల పొక్కులు కట్టి ఉంటే గజ్జి. ఆ చెక్కును గోటితో గిల్లొద్దు, కింద పచ్చి పుండు ఉంటుంది, విపరీతంగా నొప్పి. మందు పడితే అదే రాలిపోతుంది. గజ్జి మైటు, బొచ్చు మైటు మనుషులకూ దురద తెస్తాయి. కుందేలును ఎత్తుకునే పిల్లల ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్ర దద్దుర్లు వస్తే ఇంట్లో చెప్పండి, దాచొద్దు. పిల్లను మన డాక్టరుకు, కుందేలును పశువుల డాక్టరుకు, ఇద్దరినీ చూపించాలి.

దీనికి డాక్టర్లు సాధారణంగా ఐవర్‌మెక్టిన్ ఇస్తారు, రెండు వారాలకు మళ్లీ ఇస్తారు. గొర్రెల కోసం ఆ సీసా ఇంట్లో ఉన్నవాళ్లు "మనమే వేద్దాం" అనుకోవచ్చు. ఒక్క లెక్క చేద్దాం. పశువులకు వాడే ఒక శాతం సూదిమందు అయితే 2 కిలోల కుందేలుకు కావలసింది ఒక మిల్లీలీటరులో పదో వంతు కూడా కాదు. మామూలు సిరంజితో చేత్తో అంత కొలవడం కష్టం, ఒక గీత తప్పితే రెండింతలు పోతుంది. ఇది డాక్టరు చేతి పని.

చీమల్లో నల్ల చీమ తిండికి వస్తుంది, పోతుంది. కుట్టే ఎర్ర చీమ మాత్రం పుట్టిన పిల్లలకు యముడు. కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. కళ్లు తెరవడానికి సుమారు 10 రోజులు. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొన్ని నిమిషాలే, పాలిచ్చి పక్కకు పోతుంది. అది దాని స్వభావం, పిల్లల్ని వదిలేసిందని అనుకోకండి. ఆ మిగతా సమయమంతా పిల్లలు ఒంటరిగా ఉంటాయి కాబట్టి చీమల నుంచి కాపాడాల్సింది మనమే. మన అవ్వలు పాల అల్మారా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవారు కదా, గూటికీ అదే చేయండి. గూడు గోడకు తగలకూడదు, తగిలితే చీమలు అటునుంచి వస్తాయి. గిన్నెల్లో నీళ్లు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. చీమల కోసం పెట్టి డెంగీ తెచ్చుకోవద్దు.

గజ్జి, ఈగ పురుగు, తినడం మానేయడం, వణుకు, నోట్లోంచి చొంగ, వీటిలో ఏది కనిపించినా మాన్విలోని పశువుల ఆస్పత్రికి పోండి, లేదా పశు సంజీవిని 1962కు ఫోన్ చేయండి. అక్కడ మాట్లాడేది కన్నడలో కాబట్టి ఇంట్లో తెలుగు మాత్రమే వచ్చే పెద్దలకు ఈ మాటలు ఉపయోగపడతాయి. కుందేలు మొల, ఈగ నొణ, పేను హేను, చీమ ఇరువె, బొద్దింక జిరళె, గజ్జి కజ్జి. ఇంట్లో ఏదైనా మందు వాడి ఉంటే దాచకుండా డబ్బా చూపించండి. పిల్లలకే మందు తగిలితే బట్టలు విప్పి సబ్బుతో కడిగి, డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి. అంబులెన్సుకు 108. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు.

పిల్లలకు మరో మాట. ఇదంతా పెంపుడు తెల్ల కుందేలు గురించి. పొలంలో దొరికే బూడిద రంగు చెవులపిల్లి అడవి జంతువు. దాన్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చేలో దాని పిల్లలు కనిపిస్తే ఉన్నచోటే వదిలేయండి, తల్లి వస్తుంది.

సైన్స్ గదిలో భూతద్దాలు, సూక్ష్మదర్శిని ఉన్నాయి. దువ్వినప్పుడు రాలిన పొట్టు, పురుగు ఏదైనా మూతపెట్టిన చిన్న డబ్బాలో వేసి, ఏ చోట దొరికిందో చీటీ రాసి శనివారం బడి విడిచే వేళకు తెస్తే కలిసి చూద్దాం. కుందేలును మాత్రం బడికి తేవద్దు.

- ప్రధానోపాధ్యాయులు